107 నంబర్ ట్రాము, బాపు, బొగ్గు బాయి

2009లో చదువుకని జర్మనీ వచ్చినప్పుడు ఎస్సెన్ గురించి నాకు తెలిసింది ఒక్కటే, అక్కడ గది అద్దె తక్కువని. ఊరికి ఉత్తరాన ఇంకా తక్కువ. ఎందుకు తక్కువో దిగాక అర్థమైంది. ఏ40 హైవే ఊరిని రెండుగా కోస్తుంది. దానికి దక్షిణాన చెరువు, అడవి, డబ్బున్నవాళ్ళ ఇళ్ళు. ఉత్తరాన పాత గని కార్మికుల కాలనీలు, టర్కీవాళ్ళ కూరగాయల కొట్లు, షట్టర్ దించేసిన షాపులు. నాకు దొరికిన గది కాటర్న్‌బర్గ్‌లో. రైల్వే స్టేషన్ దగ్గర 107 నంబర్ ట్రాము ఎక్కితే తిన్నగా తీసుకెళ్ళి దింపుతుంది.

ఆ ట్రాము కిటికీలోంచే మొదటిసారి త్సోల్‌ఫెరైన్ బొగ్గు గని హెడ్‌గేరు, అంటే బాయి మీద నిలబెట్టే ఇనుప టవరు, చూశాను. 55 మీటర్ల ఎత్తు, ముదురు ఎరుపు, పైన పెద్ద పెద్ద చక్రాలు. నేను గోదావరిఖనిలో పుట్టినదాన్ని. షిఫ్టు సైరన్ విని టైము చెప్పుకునే ఇంట్లో పెరిగినదాన్ని. బొగ్గు నుంచి దూరంగా పోవాలనే బాపు నన్ను చదివించాడు. ఆ చదువు నన్ను ఇన్ని వేల కిలోమీటర్లు తీసుకొచ్చి మళ్ళీ బొగ్గు బాయి పక్కనే పడేసింది. ఆ రాత్రి ఫోన్‌లో చెబితే బాపు ముందు పకపకా నవ్వాడు. తర్వాత అడిగాడు, "నడుస్తున్నదా, మూసిండ్రా?"

మూసేశారు. 1986 డిసెంబర్ 23న. సింగరేణి వాళ్ళకి ఆ తేదీ గురించి చెప్పక్కర్లేదు, అది సింగరేణి డే. కాలేజీ రోజుల్లో నేను గ్రౌండులో స్టాళ్ళ చుట్టూ తిరిగి బజ్జీలు తిన్న తేదీనే ఇక్కడివాళ్ళ ఆఖరి షిఫ్టు పైకొచ్చింది. కాకతాళీయమే అనుకోండి. కానీ అప్పటి నుంచి ఆ గని నాకు పరాయిదనిపించలేదు.

త్సోల్‌ఫెరైన్‌లో 1851 నుంచి బొగ్గు తీశారు. ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే 12వ నంబర్ షాఫ్టు (నిలువు బాయి) మాత్రం 1932లో మొదలైంది. ఫ్రిట్స్ షుప్, మార్టిన్ క్రెమ్మర్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఇనుప చట్రాలు, ఎర్ర ఇటుక, అద్దాలతో కట్టారు. గీత గీసినట్టు ఉంటాయి భవనాలన్నీ. రోజుకు 12,000 టన్నుల బొగ్గు పైకి వచ్చేదట. ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. అంత అందమైన షాఫ్టులోంచి మనుషులు దిగేవాళ్ళు కాదు. అది బొగ్గుకి మాత్రమే. కార్మికులు పక్కనున్న పాత షాఫ్టుల నుంచి దిగి, పాత షాఫ్టుల నుంచే ఎక్కేవాళ్ళు. ఈ ముక్క చెబితే బాపు పెద్దగా ఆశ్చర్యపోలేదు. "యాడైనా గంతే బిడ్డా" అన్నాడు.

మనుషులు దిగిన ఆ పాత షాఫ్టు దగ్గర ఒక స్నానాల భవనం ఉంది. 2002 నుంచి అది పాక్ట్ త్సోల్‌ఫెరైన్ అనే డ్యాన్సు కేంద్రం. క్లాసులో ఒకమ్మాయి బలవంతం మీద ఒక సాయంత్రం వెళ్ళాను. డ్యాన్సంటే మన కూచిపూడిలాగో, లేదంటే సినిమా స్టెప్పుల్లాగో ఉంటుందని నా లెక్క. ఇక్కడ ఇద్దరు మనుషులు చాలాసేపు నేల మీద పడుకున్నారు. లేచారు. మళ్ళీ పడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బోరు కొట్టి గోడల వంక చూస్తూ బయటికొచ్చాను. తెల్లటి పలకల గోడలు. అక్కడక్కడా నడుము ఎత్తులో చిన్న చిన్న గూళ్ళు. ఏమిటివి అని అడిగితే, సబ్బు పెట్టుకునేవి అన్నారు.

ఆ ఒక్క మాటతో ఆ భవనం మొత్తం నాకు తెలిసిపోయినట్టయింది. తర్వాత వివరాలు మెల్లగా తెలుసుకున్నాను. షిఫ్టుకి వచ్చినవాడు ముందు ఒక గదిలో శుభ్రమైన బట్టలు విప్పి, కొక్కేనికి తగిలించి, గొలుసు లాగితే అవి పైకప్పుకి వెళ్ళిపోతాయి. గొలుసుకి తాళం. ఎవరి నంబరు వాళ్ళది. పక్క గదిలో పని బట్టలు ఇలాగే పైనుంచి వేలాడుతుంటాయి. వేడి గాలి పైకే పోతుంది కాబట్టి చెమటకి తడిసినవి మర్నాటికి ఆరిపోతాయి. రెండు గదుల మధ్య షవర్లు. పైకొచ్చాక అందరూ వరుసగా నిలబడి ఒకరి వీపు ఒకరు రుద్దుకునేవాళ్ళు. వీపు మీది బొగ్గు ఎవరికి వాళ్ళు వదిలించుకోలేరు కదా.

మా ఇంట్లో బాపు వీపు అమ్మ రుద్దేది. బాపు నల్లగానే ఇంటికి వచ్చేవాడు. కళ్ళు, పళ్ళు మాత్రం తెల్లగా కనబడేవి. పెరట్లో బండ మీద కూచుంటే అమ్మ బీరపీచుతో రుద్దుతూ ఆ రోజు సంగతులన్నీ అడిగేది. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు నాగా పెట్టారు, ఎవరి బిడ్డ పెళ్ళి కుదిరింది. నాకు తెలిసి వాళ్ళిద్దరూ తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ బండ దగ్గరే. మురిక్కాలవలో పారే నీళ్ళు చాలాసేపటిదాకా నల్లగా ఉండేవి. మేము దాంట్లో కాగితం పడవలు వదిలేవాళ్ళం.

ఆ గూళ్ళు చూశాక మళ్ళీ డ్యాన్సులకి వెళ్ళడం మొదలుపెట్టాను. స్టూడెంట్ టికెట్ చవక, శీతాకాలంలో లోపల వెచ్చగా ఉండేది, అదీ ఒక కారణం. కొన్ని బాగున్నాయి, కొన్ని ఇప్పటికీ అర్థం కాలేదు. అయితే అక్కడ ఒకటి గమనించాను. హాలు నిండా దక్షిణం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఆట అయిపోగానే 107 ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. మా వీధి టర్కీ ఆంటీలు గాని, మా కింది అంతస్తులో ఉండే రిటైరైన గని కార్మికుడు గాని అక్కడ ఎప్పుడూ కనబడలేదు. పాత కార్ఖానాలని కళా కేంద్రాలుగా మార్చారని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ముందు వచ్చే ప్రశ్న ఇదే: గేటు పక్క ఇంటివాడు లోపలికి వస్తున్నాడా? పాక్ట్ వాళ్ళకి కూడా ఈ సంగతి తెలుసు. తర్వాత వాళ్ళు కాటర్న్‌బర్గ్‌లోనే, ఇళ్ళ మధ్య, వర్క్‌స్టాట్ అని ఇంకో చోటు తెరిచారు.

ఇంతకీ ఇవన్నీ కూలిపోకుండా ఎలా మిగిలాయంటే, ముందుగా ప్రభుత్వం కదిలింది. గని మూసే సమయంలోనే రాష్ట్రం 12వ షాఫ్టు స్థలాన్ని కొని రక్షిత కట్టడంగా ప్రకటించింది. పక్కనున్న కోక్ ప్లాంటు, అంటే బొగ్గుని కొలుముల్లో వేడిచేసి కోక్ తీసే చోటు, దాని కథ వేరు. దాదాపు 600 మీటర్ల పొడవున 304 కొలుములు. 1993లో అది ఆగిపోయింది. చైనాకి అమ్మేద్దామన్నారు, బేరం కుదరలేదు. కూల్చేద్దామన్నారు, అదీ జరగలేదు. అంత ఇనుము కూల్చాలన్నా డబ్బులే కదా! చివరికి 2000లో అదీ రక్షిత జాబితాలోకి ఎక్కింది. 2001లో యునెస్కో మొత్తాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. గని బాయిలర్ హౌస్‌ని నార్మన్ ఫాస్టర్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్టు డిజైన్ మ్యూజియంగా మార్చాడు. బొగ్గు కడిగే భవనంలో 2010లో ఈ బొగ్గు ప్రాంతం పేరు మీదే రూర్ మ్యూజియం తెరిచారు. నారింజ రంగు లైట్లతో మెరిసే పొడవాటి ఎస్కలేటర్ మీద ఎక్కి లోపలికి వెళ్ళాలి. ఫొటోలకి బాగుంటుంది.

నాకు మాత్రం వీటన్నిటికంటే పక్క పేట ఆల్టెన్‌ఎస్సెన్‌లో ఉన్న కార్ల్ గని ఎక్కువ ఇష్టం. యునెస్కో లేదు, ఫాస్టర్ లేడు. 19వ శతాబ్దం నాటి కోటబురుజు లాంటి ఇటుక టవరు, నాలుగైదు భవనాలు. 1970ల చివర్లో వాటిని కూల్చబోతుంటే ఆ పేట జనం, కుర్రాళ్ళు అడ్డం పడి, తామే బాగుచేసుకుని, వాడకం మొదలుపెట్టారు. ఆ పేటలోనే పుట్టిన క్రియేటర్ అనే మెటల్ బ్యాండ్ కుర్రాళ్ళు ప్రాక్టీసు చేసింది అక్కడే. తర్వాత ప్రపంచమంతా తిరిగారు వాళ్ళు. ముసలివాళ్ళ మీటింగులు, పిల్లల నాటకాలు, కామెడీ షోలు, పెళ్ళి విందులు, అన్నీ ఒకే కప్పు కింద. నేల గచ్చు అంత నున్నగా ఉండదు. ఎవరూ పట్టించుకోరు.

ఒక ఏడు మేము కొంతమంది తెలుగువాళ్ళం కలిసి అక్కడే బతుకమ్మ ఆడాం. తంగేడు లేదు, గునుగు లేదు. పూల కొట్టులో డేలియాలు, చామంతులు కొన్నాం. గుమ్మడి ఆకులకి బదులు క్యాబేజీ ఆకులు. బతుకమ్మ పక్కకి ఒరిగిపోతుంటే తాంబాళానికి సెలోటేప్ వేసి నిలబెట్టాం, అమ్మ చూస్తే తిట్టేది. ఆడుతుంటే పక్క గదిలో కుట్టు క్లాసుకి వచ్చిన ఆడవాళ్ళు తలుపులో నిలబడి చూసి, కాసేపటికి వాళ్ళూ చప్పట్లు కలిపారు. "ఉయ్యాలో" పట్టుకోవడానికి వాళ్ళకి రెండు చరణాలు కూడా పట్టలేదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో ఆడిన బతుకమ్మ తర్వాత నాకు అంత బాగా గుర్తున్నది ఇదే.

2010కి ఈ రూర్ ప్రాంతమంతా యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. ఆ ఏడు చాలా హంగామా జరిగింది గాని, నాకు మనసులో నిలిచింది మే నెలలో వేసిన పసుపు బెలూన్లు. మూతపడ్డ గనులు ఎక్కడెక్కడ ఉండేవో అక్కడల్లా ఒక పెద్ద పసుపు బెలూన్ ఎగరేశారు, 80 మీటర్ల ఎత్తున, 300కి పైగా. గుట్ట ఎక్కి చూస్తే కనుచూపు మేరా పసుపు చుక్కలే. సూపర్‌మార్కెట్ వెనక ఒకటి, బడి పక్కన ఒకటి, ఎవరివో ఇళ్ళ మధ్య ఇంకొకటి. కాళ్ళ కింద ఇన్ని బాయిలున్నాయా అని అప్పుడు తెలిసింది. 1950ల్లో పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో దాదాపు 6 లక్షల మంది పనిచేసేవాళ్ళంటే నమ్మాలనిపించింది.

బాపు రిటైరయ్యాక ఒక ఎండాకాలం ఇక్కడికి వచ్చాడు. రాగానే కొలోన్ చర్చికి తీసుకెళ్ళాను, "మంచిగున్నది" అన్నాడు. రైన్ నదిలో పడవ ఎక్కించాను, దానికీ "మంచిగున్నది". మూడో మాట రావాలంటే గనికే తీసుకుపోవాలని అర్థమైంది.

ముందు కోక్ ప్లాంటు వైపు నడిచాం. కొలుముల పక్కన పిల్లలు ఈత కొడుతున్నారు. 2001లో ఇద్దరు కళాకారులు రెండు షిప్పింగ్ కంటెయినర్లని కోసి అతికించి ఈతకొలను చేశారు. పేరుకి అది కళాఖండం. వేసవి సెలవుల్లో కాటర్న్‌బర్గ్ పిల్లలకి ఊరికే దొరికే స్విమ్మింగ్ పూలు. బాపు చాలాసేపు చూశాడు. "బొగ్గు బట్టీ ముంగట ఈతలా!" అని, "పైసలెంత?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. అప్పుడు మూడో మాట వచ్చింది: "గిది పద్ధతి."

తర్వాత టూరు. గైడు ఒకప్పుడు గనిలో పనిచేసినాయనే. అక్కడ చాలామంది గైడులు అంతే. టబ్బుల్లోంచి, అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్లలోంచి, బొగ్గు ఒంపే హాల్లో నిలబెట్టి, ఇక్కడ మాట వినపడేది కాదు, చేతి సైగలతోనే మాట్లాడేవాళ్ళం అని చెప్పి ఇనుప పలక మీద ఒక్క దెబ్బ కొట్టాడు. పిల్లలందరూ చెవులు మూసుకున్నారు. బాపు మూసుకోలేదు. నేను అనువాదం చేస్తున్నాను గాని, బాపుకి సగం అక్కర్లేకపోయింది. టబ్బు చూడగానే టబ్బుని టబ్బుకి కలిపే లింకు చూపించాడు, రైలు పట్టా చూపించాడు, వేలు నలిగిపోయేది ఇక్కడే అని గైడుకి తెలుగులోనే చెప్పాడు. ఆయన "యా, యా" అని తన చిటికెన వేలు చూపించాడు. పై కణుపు లేదు.

అప్పుడు ఇద్దరూ మచ్చలు చూపించుకోవడం మొదలైంది. బొగ్గు గనిలో దెబ్బ తగిలితే గాయంలో బొగ్గు పొడి ఉండిపోయి, చర్మం దాని మీదే మూసుకుంటుంది. ఆ మచ్చ పచ్చబొట్టులా నీలంగా జీవితాంతం ఉంటుంది. గైడుకి కనుబొమ పక్కన ఒకటి. బాపుకి ముంజేతి మీద రెండు, వీపు మీద ఒకటి. చొక్కా విప్పబోతే నేనే ఆపాను. టూరుకి వచ్చిన మిగతావాళ్ళు మర్యాదగా ఎదురుచూశారు.

చివర్లో బాపు నన్ను అడగమన్న ప్రశ్న ఒక్కటే: పింఛను ఎంత? ఆయన నవ్వేసి, నాకు 50 ఏళ్ళకే పని ఆపి డబ్బులిచ్చారు అన్నాడు. భూగర్భంలో పనిచేసినవాళ్ళకి ఇక్కడ అలా ముందే విరమించే వెసులుబాటు ఉండేది. గనులు మూసుకుంటూ పోయినా ఎవర్నీ ఉన్నట్టుండి రోడ్డున పడేయకూడదని ఏళ్ళ తరబడి సర్దుబాటు చేశారు. బాపు ట్రాములో ఇంటికొచ్చేదాకా దాని గురించే. "యాభైకే! తెలుస్తున్నదా? యాభై!" మ్యూజియాలు, డ్యాన్సులు అన్నీ వెనక్కి పోయాయి. నిజానికి ఆయన చెప్పిందే అసలు పాయింటని నాకు తర్వాత అనిపించింది. మనిషిని ముందు చూసుకున్నారు కాబట్టే ఆ పాత గోడల మధ్య డ్యాన్సు చూస్తే ఇక్కడివాళ్ళకి కడుపు మండలేదు. మండినవాళ్ళు కొందరు ఉండే ఉంటారు, కాని మా కింది అంతస్తు పెద్దాయన అయితే, "కూలిస్తే ఏమొచ్చేది, ఇంకో ఫర్నిచర్ షాపు" అనేవాడు.

ఇంకో రోజు షూరెన్‌బాఖ్ గుట్ట ఎక్కాం. గనుల్లోంచి తీసిన రాయిరప్పలు పోసి పోసి అయిన గుట్ట. దాని మీద రిచర్డ్ సెర్రా అనే అమెరికా శిల్పి 1998లో ఒక ఉక్కు పలక నిలబెట్టాడు. దాదాపు 15 మీటర్ల ఎత్తు, 67 టన్నుల బరువు. చుట్టూ ఒక్క చెట్టు లేదు, నల్లరాయి మాత్రమే. బాపు రొప్పుతూ ఎక్కి, పలకని తట్టి చూసి, "ఓబీ గుట్ట మీద ఇనుపరేకు పాతిండ్రు" అన్నాడు. ఓపెన్‌కాస్టు పక్కన మట్టి పోసిన ఓబీ గుట్టలు చూసిన కంటికి ఇంకేం కనబడుతుంది! బరువు చెప్పాక మాత్రం కొంచెం గౌరవం పెరిగింది. "అంటే పెద్ద డంపర్ ఒక ట్రిప్పు" అని లెక్క కట్టాడు. ఆ సాయంత్రం ఇద్దరం అక్కడే కూచుని పులిహోర తిన్నాం.

బాయిలు మూసినా ఇక్కడ పంపులు ఆగవని ఆ రోజే చెప్పాను. తవ్వీ తవ్వీ ఈ నేల కొన్నిచోట్ల 20 మీటర్లకి పైగా కుంగింది. నీళ్ళు తోడడం ఆపితే పేటలకి పేటలు చెరువులవుతాయి. ఆ ఖర్చు చూసుకోవడానికే ఒక ఫౌండేషన్ ఉంది, దాని ఆఫీసు ఇప్పుడు త్సోల్‌ఫెరైన్‌లోనే. బాపు ఇందులో వింతేమీ చూడలేదు. నీళ్ళు తోడకుండా బాయి ఎట్లుంటది అన్నాడు.

2018 డిసెంబర్ 21న పక్క ఊరు బాట్రాప్‌లో జర్మనీ ఆఖరి భూగర్భ బొగ్గు గని మూసినప్పుడు టీవీలో చూశాం, కింది అంతస్తు పెద్దాయన ఇంట్లో. చివరి బొగ్గు గడ్డని దేశాధ్యక్షుడి చేతిలో పెట్టారు. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు, ఒకటికి రెండుసార్లు బీరు తెరిచాడు.

గోదావరిఖనిలో బాపు పనిచేసిన ఇంక్లైన్ (ఏటవాలుగా దిగే బాయి) కూడా మూతపడింది. బాయి మొహానికి గోడ కట్టేశారు. టబ్బులు లాగే ఇంజను ఉండే హాలేజి గది తలుపులు, ఇనుప రేకులు ఎవరో పట్టుకుపోయారు. ల్యాంప్ రూం మాత్రం నిలబడి ఉంది. క్యాప్ ల్యాంపులు చార్జింగుకి పెట్టే అరలు, కిటికీ, సిమెంటు గట్టు. సింగరేణిలో ఒకప్పుడు లక్షకి పైగా కార్మికులుండేవాళ్ళు, ఇప్పుడు దాదాపు 40 వేలు. మూతపడ్డ ఇంక్లైన్ల లెక్క అలాగే పెరుగుతోంది. 2022 చివర్లో ఆర్టీసీ సింగరేణి దర్శన్ అని హైదరాబాద్ నుంచి బస్సు వేసి గనిలోకి తీసుకెళ్ళి చూపించింది. మంచిదే. చూసి పోయేవాళ్ళకి ఒక బస్సు వేశారు, ఉన్నవాళ్ళకి ఒక గది కావాలని నాకు అనిపిస్తుంది.

బాపు తిరిగి వెళ్ళాక టీ హోటల్ దగ్గర రోజూ ఇదే చర్చ పెట్టాడట. ఆ ల్యాంప్ రూం మనకిస్తే ఏం చేస్తామని. డ్యాన్సులు వద్దన్నారు. ఒగ్గుకథ పెట్టాలన్నారు ఒకరు. పిల్లలకి డప్పు నేర్పాలన్నారు మరొకరు. టికెట్ పెట్టొద్దు, ఫ్యాన్లు మాత్రం ఉండాలి, నీళ్ళ కుండ ఉండాలి, పాత ల్యాంపులు నాలుగైనా అరల్లో పెట్టాలి. అంతవరకు అందరూ ఒకటే మాట. తాళం చెవి ఎవరి దగ్గరుండాలన్న దగ్గర చెడింది. ఒక యూనియన్ వాళ్ళు మా ఆఫీసులో అన్నారు, ఇంకో యూనియన్ వాళ్ళు కుదరదన్నారు. అసలు ల్యాంప్ రూమే ఇంకా ఎవరూ ఇవ్వలేదని మా బాపు గుర్తుచేశాడట. అదేదో రేపు ఇచ్చేస్తున్నట్టు పోయినవారం ఫోన్‌లో కూడా పోట్లాట వినపడుతూనే ఉంది.